ఆగిన రోజులు ఎవరి ఖాతాలో?

సిరిసిల్లలో పాత పెంకుటిల్లు విప్పి కొత్త ఇల్లు కట్టాలని ఒక కుటుంబం అనుకుంది. కట్టబోయేది ఆ ఇంటి పెద్దకు తమ్ముడు. కోరుట్లలో సుతారి మేస్త్రి, కొన్నేళ్లు గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాడు. లెక్క చూసేది ఆ ఇంటి బిడ్డ. జగిత్యాలలో ప్లానింగ్ ఇంజినీర్. ఆమె గీసుకొచ్చిన షెడ్యూల్ కాగితం ఇద్దరి నడుమ పరవగానే మాట పెరిగింది. ఈ ఇద్దరూ ఊహాపాత్రలే. వాదనకు వాళ్లు తెచ్చుకున్న రైలు లైన్లు, డ్యాములు మాత్రం ఆ మూడు ఊళ్లకూ తెలిసినవే.

మేస్త్రి: ఏంది బిడ్డా ఇది, అన్ని గీతలే ఉన్నయి? పచ్చగీత, ఎర్రగీత, నడుమ బాణం గుర్తులు. ఇల్లు కడుతున్నమా, సాంచె మీద చీర అంచు ఎక్కిస్తున్నమా?

ఇంజినీర్: గీత ఎంత పొడుగుంటే ఆ పనికి అన్ని దినాలు కాకా. ఏ పని అయితేగాని ఏ పని మొదలుకాదో బాణం చెప్తది. ఎర్రగీతల్లో ఏ ఒక్కటి ఒక్కరోజు వెనుకపడ్డా గృహప్రవేశం ఒక్కరోజు వెనుకపడుతది.

మేస్త్రి: గృహప్రవేశం సంగతి తర్వాత. ముగ్గు ఎప్పుడు? అయ్యగారు మాఘమాసంల మంచి దినం చూసిండు. నీ కాయితంల ముగ్గు అటెన్క నెలన్నరకు ఉన్నది.

ఇంజినీర్: మాఘంలో ముగ్గు పోస్తే పునాది లేస్తది, బేస్‌మెంట్ అయితది, అక్కడ ఆగుతది. దర్వాజలకు కట్టె ఇంకా చెప్పలేదు. స్లాబుకు కావాల్సిన పైసలు బ్యాంకు నుంచి రావాలె, ఆ కాగితాలు ఇంకా కదలలేదు. ఆగేదేదో తవ్వకముందే ఆగుదాం అంటున్న.

మేస్త్రి: ముగ్గు పోస్తెనే పైసలు పుడుతయి. ఎన్కటి నుంచి ఇదే తరీఖ. అన్ని సమకూరినంక కడుతనని కూసున్నోని ఇల్లు లేసుడు నేను చూడలె. మన జగిత్యాలకు రైలు ఎట్ల వచ్చింది? పెద్దపల్లి నుంచి నిజామాబాద్ దాకా 177 కిలోమీటర్ల లైను. పీవీ ప్రధానమంత్రి ఉన్నప్పుడు, 1993ల మంజూరైంది. గప్పుడు పైసలన్ని పెట్టెల వెట్టుకొని మొదలువెట్టిండ్రా? నీ లెక్క జూస్తే ఇయ్యాల్టికి సుత లింగంపేట కాడ జగిత్యాల స్టేషన్ ఉండకపోవు.

ఇంజినీర్: ఎప్పుడు అయిపోయిందో కూడా చెప్పు. 2017 మార్చిలో. అంటే 24 ఏండ్లు. మంజూరైన నాడు పుట్టిన పిల్లలు కోరుట్ల స్టేషన్‌లో రైలెక్కేసరికి పెండ్లీడుకు వచ్చిండ్రు. అంచనా ఖర్చు ఎన్ని రెట్లు పెరిగిందో వేరే చెప్పాల్నా?

మేస్త్రి: మరి ఆ ఆలస్యం ఎవ్వనిది? మట్టి మోసినోనిదా, పట్టాలు పరిచినోనిదా? ఏటేటా బడ్జెట్‌ల ఇంత చిల్లర ఏసిండ్రు. గా పైసలకు ఎంత పని అయితదో గంతే అయింది. నీ గీతల కాయితం అప్పుడుంటే ఢిల్లీల సందూక తెరుచుకునేదా?

ఇంజినీర్: తెరుచుకోకపోవచ్చు. కానీ ఆ లైన్‌లో ఒక మంచి పని జరిగింది, అది నా వాదనకే పనికొస్తది. ముందు పెద్దపల్లి–కరీంనగర్ అయింది, రైలు నడిచింది. 2007లో జగిత్యాల దాకా వచ్చింది, అప్పుడూ నడిచింది. తర్వాత కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా నిజామాబాద్ కలిసింది. ఎక్కడ ఆగినా, ఆగిన కాడిదాకా అక్కరకొచ్చింది. పైసలు తక్కువున్నప్పుడు పనిని ఎక్కడ తెంపాలో ముందే చూసుకోవడమే ప్లానింగ్. మన ఇల్లు బేస్‌మెంట్ కాడ ఆగితే ఎవలకు అక్కర? పాత ఇల్లు విప్పుతరు, నాన్న కిరాయింట్ల ఉంటడు. నెలనెలా కిరాయి కట్టుకుంటూ బేస్‌మెంట్ మీద మొలిచిన గడ్డి చూసుకుంట కూసోవాలె.

మేస్త్రి: గీ ముక్క ఒప్పుకుంట. మరి మన సిరిసిల్ల లైను సంగతేంది? అది నీ కంప్యూటర్ల కాలంలదే గదా.

ఇంజినీర్: మనోహరాబాద్–కొత్తపల్లి లైను. 151 కిలోమీటర్లు. 2006–07లో మంజూరు, 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని శంకుస్థాపన, 2023 అక్టోబర్‌లో సిద్దిపేటకు రైలు. సగం దూరానికే మంజూరు నుంచి లెక్కబెడితే దాదాపు 17 ఏండ్లు పట్టినయి.

మేస్త్రి: శంకుస్థాపనకే పదేండ్లు పట్టింది సూడు. ఆ పదేండ్లల్ల ఏ సుతారి లేటు చేసిండు?

ఇంజినీర్: ఎవరూ చెయ్యలేదు. అది ఒప్పందం తెగక జరిగిన ఆలస్యం. ఖర్చులో మూడో వంతు రాష్ట్రానిది, భూమి కూడా రాష్ట్రమే ఇయ్యాలె, మిగతాది రైల్వేది. రెండు జేబుల నుంచి పైసలు రావాల్నంటే రెండు చోట్ల ఆగుతది. అయితే నాకు ఇంకో సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తది. ఆ లైను సిరిసిల్ల దాటి వేములవాడకు పోవాల్నంటే మానేరు నీళ్ల మీద వంతెన కావాలె. రైలు మంజూరైన నాడు అక్కడ మధ్య మానేరు నీళ్లు లేవు. డ్యాము పని అప్పుడప్పుడే నడుస్తున్నది. 2019లో కాళేశ్వరం నీళ్లతో రిజర్వాయర్ నిండింది. అదే జాగల, అదే ఏండ్లల్ల రెండు పెద్ద పనులు. రైలు దారి ముందే ఖాయమై, వంతెన పునాదులు నీళ్లు రాకముందే పడి ఉంటే, పొడినేల మీద పని అయ్యేది. ఇప్పుడు నీళ్లల్ల చెయ్యాలె.

మేస్త్రి: గది రైల్వేకు తెల్వదా? నీళ్లోళ్లకు తెల్వదా?

ఇంజినీర్: ఎవరి నక్ష వాళ్ల దగ్గర ఉంటది కాకా. ఒకరి నక్ష మీద ఇంకొకరి నక్ష పెట్టి చూసేటోళ్లు ఉండరు. 2021 అక్టోబర్‌లో కేంద్రం తెచ్చిన గతిశక్తి ఉద్దేశం అదే. రైలు, రోడ్డు, కరెంటు లైను, అడవి, చెరువు అన్నీ ఒకే పటం మీద పొరలు పొరలుగా కనిపించాలె. పునాది తవ్వకముందే ఎవరి పని ఎవరికి అడ్డమొస్తదో తెలియాలె. మధ్య మానేరు నిండిన రెండేండ్లకు వచ్చింది ఆ పటం.

మేస్త్రి: అంటే పనిముట్టు సుత లేటే.

ఇంజినీర్: లేటే. కానీ పనికిరానిది కాదు.

మేస్త్రి: మధ్య మానేరు మాట తీసినవు కాబట్టి అడుగుత. 2016 సెప్టెంబర్‌ల వరదకు ఆ కట్ట ఎట్ల తెగింది? ఇంకా కడుతుండంగనే తెగింది. కింది ఊళ్లళ్ల జనం రాత్రంత నిద్రపోలె. వానకాలం వస్తదని చెప్పతందుకు కంప్యూటర్ కావాల్నా? మిరుగం ఎప్పుడొస్తదో గొర్లకాపరికి సుత ఎర్కే. కట్ట సగం ఎత్తుల వదిలిపెడితే వరద మీదికెల్లి పోతదని అక్కడ పనిచేసే కూలోనికి సుత ఎర్కే. ఎర్కుండి సుత తెగింది. ఎర్క లేక ఆగిన పని కాదది బిడ్డా. ఎర్కున్నోని మాట నడవక ఆగిన పని.

ఇంజినీర్: ఈ మాటకు నా దగ్గర ఎదురు లేదు. ఆ కట్ట తెగినంక పాత కాంట్రాక్టు రద్దు చేసిండ్రు, మళ్ల టెండర్ పిలిచిండ్రు, కొత్తోళ్లు వచ్చి కట్టిండ్రు. ఒక్క వానకాలాన్ని లెక్కల పెట్టకపోతే ఎంత ఖర్చో మనకు అంతకన్నా పెద్ద పాఠం లేదు. కానీ నువ్వు అన్నదాంట్ల ఒకటి కలుపుత. కూలోనికి తెలిసిన సంగతి కాగితం మీద ఎక్కితే, ఏ నెలకు కట్ట ఎంత ఎత్తు రాకపోతే ప్రమాదమో ముందే రాసి ఉంటే, మాకు తెలువదని ఎవరూ అనలేరు.

మేస్త్రి: రాసి ఉంటే సుత అంటరు. అనేటోళ్లు అంటనే ఉంటరు.

ఇంజినీర్: అనొచ్చు, కానీ తప్పించుకోలేరు. సరే, పెద్ద ప్రాజెక్టులు పక్కన పెడదాం. మన ఇంటికే వద్దాం. దర్వాజ నిలవెట్టుడు ఎప్పుడు?

మేస్త్రి: బేస్‌మెంట్ మీద మట్టి నింపి, గోడలకు మొదటి వరుస వెట్టే ముందల. పూజ చేసి, పసుపు రాసి నిలవెడుతం. గది నిలవడకపోతే గోడ లేవదు.

ఇంజినీర్: వడ్లాయన కట్టె కోసి, ఆరబెట్టి, చెక్కి తెచ్చేటందుకు?

మేస్త్రి: నెల. పెండ్లిళ్ల సీజన్ అయితే నెల మీద పది దినాలు. మంచాలు, బీరువాల గిరాకి ఉంటది గదా.

ఇంజినీర్: మరి వడ్లాయనకు నువ్వు ఎప్పుడు చెప్తవు?

మేస్త్రి: బేస్‌మెంట్ అయితున్నప్పుడు.

ఇంజినీర్: బేస్‌మెంట్ అయినంక నెల ఖాళీ ఎందుకు వస్తదో ఇప్పుడు అర్థమైందా? ఆ ఎర్రగీత అదే. 1957లో అమెరికాలో డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీలో మోర్గన్ వాకర్, కంప్యూటర్ కంపెనీ నుంచి వచ్చిన జేమ్స్ కెల్లీ కూసోని తీసిన లెక్క ఇది. ఫ్యాక్టరీ కట్టేటప్పుడు వందల పనులుంటయి, అన్నింటినీ ఉరికించాల్సిన అక్కర లేదు, ఏ వరుస ఆగితే మొత్తం ఆగుతదో ఆ వరుసను పట్టుకుంటే చాలు అని చూపించిండ్రు. మరుసటి ఏడు అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పనికి ఇట్లాంటి లెక్కనే వాడుకుంది. మన ఇంట్ల రంగులు వారం ఆలస్యమైతే ఏమీ కాదు, ప్రహరీ నెల ఆగినా ఏం కాదు. దర్వాజ వారం ఆగితే ఇల్లు వారం ఆగుతది. ముగ్గుకన్నా ముందు వడ్లాయనకు బయానా ఇయ్యాలె. ఇంతకు యాప్ కూడా అక్కర లేదు.

మేస్త్రి: అక్కర లేదని నువ్వే అంటున్నవు!

ఇంజినీర్: న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ 1930 మార్చిలో మొదలుపెట్టి 1931 మే 1న తెరిచిండ్రు. 102 అంతస్తులు. అప్పుడు కంప్యూటర్ ఎక్కడిది? ఏ దూలం ఏ రోజు ఏ అంతస్తుకు చేరాలో ముందే రాసుకున్నరు, కింద పోగేసుకునే జాగ లేక వచ్చింది వచ్చినట్టే పైకి పంపిండ్రు. ప్లాన్ ముందు, పనిముట్టు తర్వాత. పనిముట్టు ఆ ప్లాన్‌ను పదిమందికి ఒకేసారి కనిపించేటట్టు చేస్తది, అంతే.

మేస్త్రి: నేను సుత గల్ఫ్‌ల బోర్డు మీద ప్రోగ్రాం రాసుడు చూసిన. దినం పొద్దుగాల మేము పోయేసరికి రాసి ఉండేది. ఆడ నడిచింది, ఒప్పుకుంట. ఎందుకంటే ఆడ లేబర్ క్యాంపుల పండుతరు, కంపెనీ బస్సుల వస్తరు. మబ్బుల లేచి నాటుకు పోయేటోడు ఎవడు లేడు. ఈడ? నీ కంప్యూటర్‌కు నాట్లు ఎర్కేనా? ఆషాఢం ఎర్కేనా?

ఇంజినీర్: కంప్యూటర్‌కు ఆదివారం సెలవు అని తప్ప ఏమీ తెల్వదు. చెప్పాలె. చెప్పు, రాసుకుంట.

మేస్త్రి: రాసుకో. వానకాలం నాట్లకు, యాసంగి నాట్లకు ఆడకూలీలు దొరకరు. మాలు అందిచ్చేటోళ్లు లేక సుతారి చేతులు ముడుసుకొని కూసుంటడు. మూఢం వస్తే ముగ్గు పొయ్యరు, దర్వాజ ఎత్తరు, ఇంట్లకు పోరు. ఇటుకబట్టీలల్ల ఎక్కువ ఒడిశా కూలీలు, వానలు మొదలుకాంగనే ఊరికి పోతరు, బట్టీ బందు. గప్పటిలోపు ఇటుక దించుకోకపోతే మల్ల చలికాలమే, అంతవరకు ఉన్న ఇటుకకు ధర డబుల్. బతుకమ్మ, దసరకు ఊరంత పండుగ. సమ్మక్క జాతర ఏడు మేడారం పోనోడు ఎవడు?

ఇంజినీర్: ఇంకా?

మేస్త్రి: ఇంకా ఇంటాయన. మన జగిత్యాల, కోరుట్ల దిక్కు సగం ఇండ్లు గల్ఫ్ పైసలతోని లేసినయే. నెలజీతం వస్తే సలాక వస్తది, కంపెనీ బందైతే ఇల్లు బందైతది. ఏ ఊరికి పో, మిద్దె మీద పిల్లర్ల సలాకలు తుప్పుపట్టి ఆకాశంకెల్లి చూస్తనే ఉంటయి. ఆ సలాకలకు నీ ఎర్రగీత ఏం జవాబు చెప్తది? ఇగ ఫోన్లు వచ్చినంక కొత్త కథ. ఎన్కట ఇంటాయన దుబాయిల ఉంటే మేము కట్టింది కట్టుడే, రెండేండ్లకు వచ్చి చూసుకునేటోడు. ఇప్పుడు దినం మాపు వీడియో కాల్. "మేస్త్రీ, కిటికీ జర అటు జరుపు, వంటగది ఇటు తిప్పు." గోడ కట్టి వారమైంది, పగులగొట్టి మల్ల కట్టిన. నీ డిజిటల్ పనిముట్టు తోనే లేటైంది!

ఇంజినీర్: ఇది నేను ఎక్కడా చదవలేదు, కానీ నిజం. మనసు మార్చుకోవడం సులువైతే పని బరువైతది. అందుకే నక్ష ముందే ఖాయం కావాలె. నక్ష మీద ఇంట్ల అందరూ సంతకం చెయ్యాలె. ఆ తర్వాత కిటికీ జరపాలంటే ఎన్ని దినాలు, ఎంత ఖర్చు అని మెసేజ్ పెట్టినంకనే పగులగొట్టుడు. "జర అటు" అన్నది ఊరికే వచ్చే మాట. "నాలుగు దినాలు, ఇంత పైక" అని రాసి పంపితే సగం కిటికీలు ఉన్నకాడనే ఉంటయి.

మేస్త్రి: గది మంచి మాట. సర్కారోళ్ల పనులల్ల సుత గట్ల రాసి పంపొస్తదా?

ఇంజినీర్: కొన్ని చోట్ల ఆగుడు నిజంగనే తగ్గింది. ఇంటి పర్మిషన్ సంగతి చూడు. మున్సిపాలిటీ చుట్టూ ఎన్నిసార్లు తిరిగేది ఎన్కట? 2020 నవంబర్‌లో టీఎస్-బీపాస్ వచ్చింది. 75 గజాల లోపు జాగకు పర్మిషనే వద్దు, రూపాయి కట్టి నమోదు చేస్తే చాలు. 600 గజాల దాకా, పది మీటర్ల ఎత్తు దాకా మనమే రాసిస్తే వెంటనే అనుమతి. అంతకు మించితే 21 దినాల గడువు. గడువు పెట్టింది ఆఫీసుకు, మనకు కాదు. నాకు అందులో నచ్చింది అదే.

మేస్త్రి: పర్మిషన్ వెంటనే వచ్చె. ఇసుక రాకపాయె. ఇసుక సుత ఆన్‌లైన్ల బుక్ చెయ్యమంటరు. మానేరు పక్కనే ఉండి మానేరు ఇసుకకు ఫోన్ల లైన్ కట్టాలె. భూమి కాయితాలు పోర్టల్‌కు ఎక్కిచ్చిండ్రు, ధరణి అని 2020ల. పేరుల ఒక్క అక్షరం తప్పు పడితే, ఎవల కాడికి పోవాల్నో తెల్వక రైతులు ఎన్ని దినాలు తిరిగిండ్రు? ఇప్పుడు భూభారతి అని కొత్తది తెచ్చిండ్రు. కలం తోని తప్పు రాస్తే కలం తోని కొట్టేసేది. కంప్యూటర్ల పడ్డ తప్పుకు దిక్కెవరు?

ఇంజినీర్: తప్పు దిద్దే దారి పెట్టకుండా యంత్రం పెడితే అంతే. అది యంత్రం కన్నా పెద్ద తప్పు.

మేస్త్రి: ఇంకోటి అడుగుత, కోపం తెచ్చుకోకు. నీ యాపులన్ని కింది దిక్కే ఎందుకు చూస్తయి? ఇందిరమ్మ ఇల్లు తీసుకో. 5 లక్షలు, నాలుగు విడతలు. 400 అడుగులకు తక్కువ ఉండొద్దు, 600 దాటొద్దు. బేస్‌మెంట్ అయినంక ఫొటో తీసి యాప్‌ల ఎక్కిస్తరు, జాగ సుత దాంట్లనే పడుతది, గప్పుడు మొదటి లక్ష. మంచిదే, దొంగ బిల్లులు ఆగుతయి. కని ఆ బేస్‌మెంట్ ఏ పైసలతోని లేవాలె? ఇంటామె మెడల గొలుసు కుదువ పెడుతది. మిత్తి ఎవలు కడుతరు? ఆమె గోడకు ఫొటో ఉన్నది. బిల్లు ఎవరి టేబుల్ మీద ఎన్ని దినాలు ఉన్నదో దానికి ఫొటో ఉన్నదా?

ఇంజినీర్: ...

మేస్త్రి: ఎన్కటి డబుల్ బెడ్‌రూం ఇండ్లకు సుత అంతే. ఊర్లల్ల ఒక ఇంటికి 5 లక్షల 4 వేలు అన్నరు. గిట్టదని కాంట్రాక్టర్లు టెండర్లే వెయ్యలె. 2025 మార్చిల చిన్న కాంట్రాక్టర్లు హైదరాబాద్ పోయి సెక్రటేరియట్‌ల ఉప ముఖ్యమంత్రి చాంబర్ ముంగట కూసుండ్రు, చేసిన పనికి బిల్లులియ్యమని. పని చేసినోడే దేవులాడుతుంటే తర్వాతి పనికి కూలీలు ఎట్లొస్తరు? నా సుతారి ఎన్ని ఇటుకలు పెట్టిండో లెక్కపెట్టే యాప్ ఉన్నది. పైసలు ఎన్నాళ్లు ఆపిండ్రో లెక్కపెట్టే యాప్ తే బిడ్డా, నేనే ఊరూరు తిరిగి చెప్త.

ఇంజినీర్: ఒక్కటి ఉన్నది కాకా. పెద్ద అపార్టుమెంట్లకు, వెంచర్లకు రెరా చట్టం. కొన్నోళ్లు కట్టిన సొమ్ములో 70 శాతం వేరే ఖాతాలో పెట్టాలె, అది ఆ ప్రాజెక్టుకే వాడాలె. మూడు నెలలకోసారి పని ఎంతవరకు వచ్చిందో వెబ్‌సైట్‌లో పెట్టాలె. ఆలస్యమైతే కొన్నోళ్లకు వడ్డీ కట్టాలె. అది పైనోళ్లను చూసే అద్దం. కానీ జాగ 500 చదరపు మీటర్లు దాటాలె, లేకుంటే ఎనిమిది ఇండ్లు దాటాలె. మన సిరిసిల్ల గల్లీల ఒంటి ఇల్లు దాని కిందికి రాదు.

మేస్త్రి: చూసినవా. పెద్దోళ్లకు చట్టం, చిన్నోళ్లకు ఫొటో.

ఇంజినీర్: నేను నీ దిక్కుకే వస్తున్న, కానీ నీ దిక్కు నుంచి కూడా ఒకటి కావాలె. తొందరకూ, ఆలస్యం ఆపడానికీ తేడా ఉన్నది. మొన్న కోరుట్లల స్లాబు పోసిన వారానికే సెంట్రింగ్ విప్పినవు.

మేస్త్రి: ఇంటాయన ఊకోలె. సెంట్రింగ్ షీట్లకు దినం కిరాయి పడుతదని మొత్తుకున్నడు.

ఇంజినీర్: ఆ గది ఎంత వెడల్పు?

మేస్త్రి: హాలు. పదహారు ఫీట్లు ఉంటది.

ఇంజినీర్: పదహారు ఫీట్లంటే 4.8 మీటర్లు దాటింది. మన దేశపు కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల లోపు స్లాబు కింద బల్లీలు 7 దినాలు, దాటితే 14 దినాలు ఉండాలె. బీముల కింద అయితే ఆరు మీటర్ల దాకా 14 దినాలు. నీళ్లు తక్కువల తక్కువ వారం కొట్టాలె, మన మే నెల ఎండలకు పది దినాలు. ఈ ఆగుడు ఆలస్యం కాదు, పనే. నా కాగితంల దానికి కూడా ఒక గీత ఉన్నది, అది ఎవరు చెప్పినా కుదించరు.

మేస్త్రి: నేను అడిగేది సుత గదే. రేపు నీ ఫోన్ ఎర్రగ మెరిస్తే, గడువు దాటుతున్నదని సెంట్రింగ్ ఊడవీకమని నన్ను తరుముతవేమో అనుకున్న.

ఇంజినీర్: తరిమితే అది చెడ్డ ప్లాన్. ఆ పద్నాలుగు దినాల్లో పైన పని లేకపోతే కింద గిలాబు కాదు గానీ, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ పునాది నడుస్తయి. అది రాసుకోవాలె. సరే, నీ జేబుల ఆ నోటుబుక్కు ఇటియ్యి.

మేస్త్రి: అది కూలీల లెక్క, దాంట్ల ఏముంటది?

ఇంజినీర్: చదువుత విను. "సోమవారం. సలాక వచ్చింది, కట్టేటోడు రాలె. మంగళవారం. కట్టేటోడు వచ్చిండు, బైండింగ్ వైరు లేదు. బుధవారం. గల్లీల చావు, బందు. గురువారం. సలాక కట్టుడు అయింది. శుక్రవారం. కరెంటు పైపులేసే పిలగాడు రాలె, స్లాబు వాయిదా. మిల్లరు బయానా పోయింది. శనివారం. సిమెంటు, ఇంటాయన పైసలు వెయ్యలె." ఈ వారంలో పని నడిచింది ఒక్కరోజు. మిగిలినయన్నీ ఒకరి కోసం ఒకరు ఆగినయి. నీ సుతారి నెమ్మదిగా ఇటుక పెట్టిండని ఎక్కడన్నా ఉన్నదా?

మేస్త్రి: లేదు.

ఇంజినీర్: నేను జగిత్యాలలో షెడ్యూళ్లు చేసేటప్పుడు కూడా ఇదే తప్పు నడుస్తది. ఏ పనికి ఎన్ని దినాలో రాస్తం. పనికీ పనికీ నడుమ ఎవరి కోసం ఆగినమో రాయం. ఆలస్యం ఆ నడుమనే ఉన్నది. నువ్వు దాన్ని ఇన్నేండ్లుగా రాస్తున్నవు. కాకపోతే ఎవరికీ చూపించకుండా జేబుల పెట్టుకున్నవు.

మేస్త్రి: చూపిస్తే ఇంటాయనకు కోపమొస్తది. మల్ల పని ఇయ్యడు.

ఇంజినీర్: నువ్వొక్కడివే చూపిస్తే వస్తది. అందరూ ముందే ఒప్పుకున్న కాగితమైతే రాదు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏం వద్దు. వాట్సాప్ గ్రూపు ఒకటి, దాంట్ల నాన్న, నువ్వు, వడ్లాయన, కరెంటు పిలగాడు, సలాక కట్టేటాయన, బ్యాంకు కాగితాలు చూసే మా తమ్ముడు. ప్రతి ఐతారం మాపు వచ్చే రెండు వారాల పని పెడుత. ఏం కావాలె, ఎవరు తేవాలె, ఎప్పటిలోపు. ఆగితే నాలుగు మాటలు: ఏం ఆగింది, ఎవరి కోసం, ఎప్పుడు చెప్పినం, ఎప్పుడొచ్చింది. ఆ నాలుగో మాట రాకపోతే అది ఎర్రగ ఉంటది, పేరుతోని.

మేస్త్రి: నా పేరు సుత ఉంటదా?

ఇంజినీర్: నువ్వు పనోళ్లను పంపకపోతే ఉంటది.

మేస్త్రి: అట్లయితే నాదొక షరతు. పేరు రాసుడు ఉత్తదే, దానికి వెనక పైసలుంటెనే విలువ. నేను లేటు చేస్తే గుత్తల కొంత కొయ్యుండ్రి, ఒప్పుకుంట. మీరు ఇటుక తేక, సిమెంటు తేక నా మనుషులు ఉత్తగ కూసుంటే, ఆ దినాలకు కూలి ఇయ్యాలె. నేను చేసే ఆలస్యానికి ధర ఉండి, మీరు చేసే ఆలస్యానికి ధర లేకపోతే, నీ గ్రూపుల మొదలు బయటకు పోయేటోన్ని నేనే.

ఇంజినీర్: ఇది నాన్న ఒప్పుకునుడు కష్టం.

మేస్త్రి: సర్కారు ఒప్పుకునుడు ఇంకా కష్టం. అందుకే ఇరవై నాలుగేండ్లు పట్టింది రైలుకు. కష్టమని వదిలిపెడితే నీ కాయితం నాకు పెట్టే పరీక్షనే, ఇంటికి పెట్టే లెక్క కాదు.

ఇంజినీర్: ఒప్పిస్త. నువ్వు కూడా ఒకటి వదులుకోవాలె. మాఘంలో పునాది తవ్వొద్దు.

మేస్త్రి: అయ్యగారు చూసిన దినం పోగొట్టుకోను. కొబ్బరికాయ ఆ దినమే కొడుదాం. బోరు వేపిద్దాం. నీళ్లు ఎట్లైనా ముందే కావాలె, బోరు ఎండితే ఏదీ నడవది. వడ్లాయనకు బయానా ఆ దినమే నీ చేతులతోనే ఇయ్యి. కట్టె వచ్చినట్టు ఆయన గ్రూపుల ఫొటో పెట్టినంక, బ్యాంకు కాయితం చేతికొచ్చినంక తవ్వుడు మొదలువెడుత. ఇటుక మే నెల దాటకముందే దించాలె. స్లాబు మిరుగంలోపు వడాలె.

ఇంజినీర్: అవే తేదీలు ఎర్రగీత మీద పెట్టిన. ఒక్కటే అనుమానం. మిరుగంలోపు స్లాబు పడాల్నంటే నాన్న ఏప్రిల్‌లో సలాకకు పైసలు ఇయ్యాలె. ఆయన మొదట సరే అని, తర్వాత వచ్చే నెల చూద్దాం అనే మనిషి.

మేస్త్రి: అన్న సంగతి నాకు ఎర్కలేదా? నా పెండ్లికి ఇస్తనన్న గడియారం ఇయ్యాల్టికి రాలె. అప్పుడేం చేస్తవు?

ఇంజినీర్: ఎవరి కోసం ఆగిందన్న జాగల నాన్న పేరు రాసి గ్రూపుల పెడుత. నీ మనుషులు కూసున్న దినాల కూలి కింద రాస్త.

మేస్త్రి: సొంత బిడ్డ రాస్తదా?

ఇంజినీర్: రాయకపోతే నా షెడ్యూల్‌ను నువ్వే చింపేయ్.

మేస్త్రి: సరే, కాయితం ఇటు తే. మొదటి సంతకం అన్నది, రెండోది నాది. అన్నది పడ్డంకనే నాది పడుతది.